పాల ప్లాంటు కంప్యూటరులో బ్యాచి అమరికలు - సంఘ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

పాల సంఘాల సర్వసభ్య సమావేశాలలో ఏటా ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది. "మేము పాలు పోసేటప్పుడు వెన్న శాతం దశాంశంతో సహా కొలిచి డబ్బు కడుతున్నారు. అవే పాలు ప్లాంటుకు చేరిన తరువాత మాత్రం నిర్వహణ నష్టం ఇంత శాతం అని నివేదికలో ఒక్క వరుసలో రాస్తున్నారు. ఆ నష్టం ఏ రోజు, ఏ యంత్రం దగ్గర జరిగింది?" వేదిక మీద ఉన్నవారు దీనికి సూటిగా జవాబు చెప్పలేక తడబడడం మీలో చాలామంది చూసే ఉంటారు. చెప్పకూడదని కాదు, చాలా చోట్ల ఆ సంగతి వారికే తెలియదు. ఎందుకు తెలియదని వెతుకుతూ పోతే, ప్లాంటులోని ఉత్పత్తి కంప్యూటరులో ఎప్పుడో ఒకనాడు చేసి మరచిపోయిన ఒకటి రెండు అమరికల దగ్గర తేలుతుంది. ఆ అమరికలేమిటో, వాటికీ మీకు వచ్చే బోనసుకూ సంబంధమేమిటో ఈ వ్యాసంలో చెప్పదలచాము.

ముందు మన ఊరి సేకరణ కేంద్రంలోని యంత్రంతోనే మొదలుపెడదాం. మీరు పాలు పోశారు. యంత్రం వెన్న 6.37 శాతమని కొలిచింది. చీటీలో ఒక్క దశాంశమే వచ్చేలా అమర్చి ఉంటే, ఆ 6.37ను 6.4గా సవరించి చూపవచ్చు; లేదా చివరి అంకెను కోసివేసి 6.3గా చూపవచ్చు. పాలు అవే, యంత్రం అదే. కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుంటే, 10 కిలోల పాలకు 6.37 మీద 509 రూపాయల 60 పైసలు రావాలి. 6.3 మీద 504 రూపాయలే వస్తాయి. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. యంత్రం బిగించిన రోజున ఎవరో ఒక అమరిక చేసి వెళ్ళారు. ఆ తరువాత దానిని తెరిచి చూసినవారు లేరు. ప్లాంటులో జరిగేది కూడా ఇదే. అంకెలు మాత్రం పెద్దవి.

జాబు అంటే ఏమిటి?

ఉత్పత్తి సాఫ్ట్‌వేరులో ప్రతి పనికీ ఒక నంబరు ఇస్తారు. "ఈ రోజు రాత్రి 20,000 లీటర్ల టోన్డు పాలు తయారుచేసి అర లీటరు ప్యాకెట్లలో నింపాలి" అన్నది ఒక పని. దీనినే కంప్యూటరు భాషలో జాబు అంటారు. ఇక్కడ జాబు అంటే ఉత్తరమూ కాదు, ఉద్యోగమూ కాదు. మన డెయిరీవారికి బ్యాచి అంటే తెలుస్తుంది కాబట్టి ఇకమీద బ్యాచి అనే అందాం. బ్యాచి తెరిచినప్పుడు దానికి పాలు, క్రీము, పొడి, ఫిల్ము మొదలైనవి ఖర్చు రాస్తారు. పని పూర్తి అయినప్పుడు ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో జమ రాస్తారు. తరువాత బ్యాచి మూసివేస్తారు. ఖర్చుకూ జమకూ ఉన్న తేడాయే ఆ బ్యాచి నష్టం. పుస్తకంలో రాసినా కంప్యూటరులో రాసినా సూత్రం ఇంతే.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ రకం సాఫ్ట్‌వేరు పాల కోసం పుట్టినది కాదు. 1960ల మొదట్లో అమెరికాలో ట్రాక్టర్లు తయారుచేసే జె.ఐ. కేస్ కంపెనీలో పనిచేసిన జోసెఫ్ ఆర్లికీ, ఒక యంత్రానికి ఏ విడిభాగాలు ఎన్ని, ఎప్పటికి కావాలో కంప్యూటరుతో లెక్క కట్టే పద్ధతిని తీర్చిదిద్దారు. 1975లో దాని మీద ఆయన పుస్తకం కూడా వెలువడింది. నేటి ఉత్పత్తి సాఫ్ట్‌వేరులన్నిటికీ ఆ లెక్కే పునాది. ట్రాక్టరుకు నాలుగు చక్రాలంటే నాలుగే. మూడున్నర చక్రాలు వాడడం, చక్రం కొంత కాలువలో పోవడం ఉండదు. అంతేకాదు, ట్రాక్టరు ఫ్యాక్టరీలో వందల భాగాలు కలిసి ఒక వస్తువవుతుంది. డెయిరీలో దీనికి తలకిందులు. ఒక్క పాలే విడిపోయి ప్యాకెట్టు పాలు, క్రీము, నెయ్యి, పొడి, పెరుగు, మజ్జిగ అవుతాయి. పైగా ఈ రోజు పాలూ రేపటి పాలూ ఒకటి కావు. కాబట్టి ట్రాక్టరు ఫ్యాక్టరీకి సరిపోయిన అమరికను అలాగే తెచ్చి పాల ప్లాంటులో ఉంచితే లెక్క చక్కగానే కనబడుతుంది, నిజం మాత్రం కనబడదు.

లీటరా, కిలోయా?

అన్నిటికన్నా చిన్న అమరిక ఇది. ఎక్కువ తగాదాలు తెచ్చేది కూడా ఇదే. పాలు నీటికన్నా బరువు. ఒక లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. సంఘంలో కొన్నిచోట్ల లీటర్లలో కొలుస్తారు, కొన్నిచోట్ల తూకం వేస్తారు. ట్యాంకరు వేబ్రిడ్జి మీద కిలోలలో దిగుతుంది. ప్యాకెట్టు మీద మాత్రం మిల్లీలీటర్లు అచ్చువేస్తారు. నడుమ ఎక్కడో ఒకచోట కిలోను లీటరుగా మార్చక తప్పదు. ఆ మార్పు అంకెను కంప్యూటరులో 1 అని వదిలేస్తే, 10,000 లీటర్ల సైలోలో 300 కిలోల పాలు లెక్కకు అందకుండా పోతాయి. లేదా లేనివి ఉన్నట్లు కనబడతాయి. 3 శాతం వెన్న గల టోన్డు పాలైతే అది 9 కిలోల వెన్న. అసలు ప్లాంటు లెక్కంతా కిలోలలోనే నడిపి, ప్యాకింగు దగ్గర మాత్రమే లీటర్లలోకి మార్చడం మంచిది. పాలతో పాటు వెన్న కిలోలు, ఎస్.ఎన్.ఎఫ్. కిలోలు కూడా ప్రతి బ్యాచికీ ఖర్చు, జమ రాయవలెను. పాలలో నీరు కలిస్తే లీటర్లు పెరుగుతాయి కాని వెన్న కిలోలు పెరగవు. అందువల్ల లీటర్ల లెక్కను నమ్మినట్టు వెన్న కిలోల లెక్కను మభ్యపెట్టడం సులభం కాదు.

లాక్టోమీటరు రీడింగు నుంచి ఎస్.ఎన్.ఎఫ్. కట్టే సూత్రంలో చివర కలిపే అంకె అన్ని చోట్లా ఒకటి కాదన్న సంగతి కార్యదర్శులకు తెలుసు. సంఘంలో ఒక అంకె, శీతలీకరణ కేంద్రంలో ఒకటి, ప్లాంటు కంప్యూటరులో మరొకటి ఉంటే, పాలు దారిలో ఏమీ కాకపోయినా ఎస్.ఎన్.ఎఫ్. తగ్గినట్లో పెరిగినట్లో కనబడుతుంది. మూడు చోట్లా ఒకే అంకె ఉన్నదా అని అడగడానికి కంప్యూటరు చదువు అక్కరలేదు.

లెక్క ప్రకారం ఖర్చా, కొలిచి ఖర్చా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బ్యాచికి పాలు ఖర్చు రాయడానికి సాఫ్ట్‌వేరులో రెండు పద్ధతులు ఉంటాయి. మొదటిది, సైలో నుంచి నిజంగా ఎన్ని పాలు దిగాయో కొలిచి ఆ అంకె వేయడం. రెండవది, వచ్చిన ప్యాకెట్లను లెక్కపెట్టి, ఇన్ని ప్యాకెట్లకు ఇన్ని పాలు పట్టి ఉండాలి అని కంప్యూటరే లెక్క కట్టి సైలో నిలువలో తగ్గించుకోవడం. రెండవ పద్ధతిలో మనిషి చేసే పని తక్కువ. ప్యాకెట్ల సంఖ్య కొడితే చాలు, పాలు, ఫిల్ము అన్నీ వాటంతటవే ఖర్చు పడతాయి. సాఫ్ట్‌వేరు అమ్మేవారు కూడా దీనినే గొప్పగా చూపిస్తారు. బిగించే రోజున ఎక్కువ చోట్ల ఈ అమరికే చేసి వెళతారు.

దీని వల్ల వచ్చే చిక్కు ఒక ఉదాహరణతో చూడండి. అర లీటరు ప్యాకెట్లు 40,000 నింపారు. అంటే 20,000 లీటర్లు. తరుగు కింద అర శాతం, అంటే 100 లీటర్లు కలుపుకొమ్మని కంప్యూటరుకు ముందే చెప్పి ఉంచారు. కాబట్టి అది సైలో నిలువలో 20,100 లీటర్లు తగ్గించింది. నష్టం అర శాతమే, అనుకున్నంతే. నివేదిక శుభ్రంగా ఉన్నది. కాని నిజానికి ఆ రాత్రి సైలోలో 20,240 లీటర్లు దిగిపోయాయి. మిగిలిన 140 లీటర్లు ఏమయ్యాయి? కంప్యూటరు దృష్టిలో అవి ఇంకా సైలోలోనే ఉన్నాయి. మర్నాడు మరో 140 లీటర్లు చేరతాయి. నెల తిరిగేసరికి 4,200 లీటర్ల పాలు కాగితం మీద నిలువ ఉంటాయి. సైలో మూత తీసి చూస్తే ఉండవు.

నెలాఖరున నిలువలు కొలిచినప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. అప్పుడు "నిలువ తేడా" అని ఒక్క పద్దు రాసి సరిచేస్తారు. ఆ 4,200 లీటర్లు ఏ రాత్రి, ఏ షిఫ్టులో, ఏ యంత్రం దగ్గర పోయాయో చెప్పగల మనిషి అప్పటికి ఎవరూ ఉండరు. ఎందుకంటే ఏ బ్యాచి తెరిచి చూసినా అర శాతమే నష్టం కనబడుతుంది. మరో మాటలో చెప్పాలంటే, ప్లాంటులో ఎంత నష్టం రావాలో మనం ముందే కంప్యూటరుకు చెప్పాము. అది మన మాటనే తిరిగి మనకు అప్పజెప్పింది.

4,200 లీటర్లు పెద్ద ప్లాంటుకు లెక్కలోనిది కాదని కొందరు అధికారులు అనవచ్చు. రోజుకు 140 లీటర్లు పోసే చిన్న సంఘాలు మన యూనియన్లలో ఎన్నో ఉన్నాయి. అటువంటి సంఘం ఒకటి, ఉదయం సాయంత్రం, నెల పొడవునా పోసిన పాలన్నీ అవి. టోన్డు పాల లెక్కన అందులో సుమారు 130 కిలోల వెన్న, 368 కిలోల ఎస్.ఎన్.ఎఫ్. ఉంటాయి. ఆ డబ్బు సంవత్సరాంతంలో లాభం లెక్క కట్టినప్పుడు తగ్గుతుంది. అంటే బోనసులో తగ్గుతుంది.

కొలిచి ఖర్చు రాసే పద్ధతి ఉంటే అదే రాత్రి ఏమి జరిగేదో చూద్దాం. బ్యాచి మూసేటప్పుడు 20,240 లీటర్ల ఖర్చు, 20,000 లీటర్ల జమ, 240 లీటర్ల నష్టం కనబడుతుంది. షిఫ్టు ఇంచార్జి ప్యాకింగు యంత్రం దగ్గరకు వెళ్ళి నాలుగు ప్యాకెట్లు తూకం వేస్తాడు. 500 మి.లీ. పాలు సుమారు 515 గ్రాములు ఉండాలి, దానికి కవరు బరువు కలపాలి. ఇక్కడ పాలే 518 గ్రాములు తూగుతున్నాయి. అంటే ప్యాకెట్టుకు 3 మి.లీ. ఎక్కువ పడుతున్నది. 40,000 ప్యాకెట్లకు అది 120 లీటర్లు. సగం నష్టానికి కారణం అక్కడే దొరికింది. నింపే కవాటం సర్దితే మర్నాటికి ఆ నష్టం చాలావరకు ఆగుతుంది. ప్యాకెట్టులో సగటున తక్కువ పడకూడదని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమాలు చెబుతున్నాయి. తక్కువ పోస్తే కేసు, ఎక్కువ పోస్తే అడిగేవారు లేరు. కాబట్టి యంత్రం మీద పనిచేసేవాడు భయంతో కొంచెం ఎక్కువకే తిప్పుతాడు. అతనిని తప్పుపట్టి లాభం లేదు. అతనికి తన షిఫ్టు అంకె ఆ రాత్రే చూపించాలి.

మిగిలిన 120 లీటర్లలో 60 లీటర్లు పగిలిన, కారిన ప్యాకెట్లవి అనుకుందాం. ఇంకో 60 లీటర్లు పాశ్చరైజరు మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ పైపులలోని పాలను నీటితో నెట్టడం వల్ల పోయినవి. ఈ చివరిది విడిగా చూడవలసిన నష్టం. ఇది పాలు ఎన్ని అన్నదాని మీద కాక, యంత్రం ఎన్నిసార్లు ఆపి మొదలుపెట్టారన్నదాని మీద ఆధారపడుతుంది. 20,000 లీటర్లు ఒకే ఊపున నడిపితే 60 లీటర్లు, అంటే వందకు 0.3. అవే పాలు 5,000 చొప్పున నాలుగుసార్లు నడిపితే 240 లీటర్లు, వందకు 1.2. కంప్యూటరులో తరుగును శాతంగా మాత్రమే అమరిస్తే ఈ తేడా కనబడదు. ఒకసారి నడిపితే ఇంత, ఆపైన ప్రతి వెయ్యి లీటర్లకు ఇంత అని రెండు భాగాలుగా తరుగును అమర్చే వీలు చాలా సాఫ్ట్‌వేరులలో ఉన్నది. దానిని వాడుకునే ప్లాంట్లు తక్కువ. వాడుకుంటే, ఒకే రకం పాల బ్యాచులను పక్కపక్కన పెట్టి నడపడం వల్ల ఎంత మిగులుతుందో ప్లాంటు మేనేజరుకు అంకెలలో తెలుస్తుంది.

అన్నీ కొలవాలంటే కుదురుతుందా, తెల్లవారుజామున మూడు గంటలకు ట్రక్కులు గేటు దగ్గర నిలబడి ఉంటే ఎవరు కొలుస్తారు అని ప్లాంటువారు అడుగుతారు. అదీ నిజమే. మా అభిప్రాయం ఏమిటంటే అన్నిటినీ కొలవనవసరం లేదు. ఫిల్ము, ట్రేలు, కడగడానికి వాడే సోడా, ఆసిడు వంటివి లెక్క ప్రకారం ఖర్చు పడినా నష్టం లేదు. నెలకొకసారి సరిచూస్తే చాలు. పాలు, క్రీము, వెన్న, పాలపొడి, ఈ నాలుగింటికి మాత్రం కొలిచిన అంకె లేకుండా బ్యాచి మూతపడకూడదు. ఏ వస్తువుకు ఏ పద్ధతి అని విడివిడిగా అమర్చుకునే వీలు సాఫ్ట్‌వేరులో ఉంటుంది. అందరికీ ఒకే తాడు కట్టాలన్న నియమమేమీ లేదు.

కొలవడంలో కూడా ఒక మెలకువ ఉన్నది. పాశ్చరైజరులో పాలు 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉండాలి. వేడి తగ్గితే ఒక కవాటం తనంతట తానే తిరిగి ఆ పాలను మొదటి తొట్టిలోకి మళ్ళిస్తుంది. అవి మళ్ళీ పైపులోకి వస్తాయి. పాలు కొలిచే ఫ్లో మీటరు ఈ కవాటానికి ముందు ఉండి, కంప్యూటరు ఆ మీటరునే చదువుతూ ఉంటే, మళ్ళిన పాలను రెండుసార్లు లెక్కిస్తుంది. కరెంటు ఎక్కువసార్లు పోయిన రాత్రి పాల ఖర్చు అకారణంగా పెరిగినట్లు కనబడడానికి ఇదొక కారణం. బ్యాచికి అంకె ఇచ్చే మీటరు కవాటం దాటిన తరువాత ఉండాలి. లేదా సైలో మట్టాన్నే లెక్కకు తీసుకోవాలి.

హద్దులు, గడియారం

అనుకున్నదానికంటే ఎంత ఎక్కువ లేక తక్కువ వస్తే కంప్యూటరు ఆపి అడగాలి అన్నది మరొక అమరిక. దీనిని 5 శాతం అని వదిలేసిన చోట్లు చూశాము. 20,000 లీటర్ల బ్యాచిలో 5 శాతమంటే 1,000 లీటర్లు. అంత పోయినా కంప్యూటరు నోరు మెదపదు. మరీ బిగించి 0.1 శాతం అని పెడితే ప్రతి బ్యాచికీ గంట మోగుతుంది. రెండు రోజులు చూసి మూడవ రోజు నుంచి ఎవరూ పట్టించుకోరు. "కారణం" అన్న గడిలో "ఇతరములు" అని కొట్టి దాటిపోతారు. మొదట రెండు మూడు నెలలు కొలిచి, మీ ప్లాంటుకు మామూలుగా వచ్చే నష్టం తెలుసుకొని, దానికి కొంచెం పైన హద్దు పెట్టాలి. కారణాల జాబితాలో "ఇతరములు" అన్న మాటనే తీసివేయడం మంచిది.

గడియారం సంగతి చెబితే నవ్వు వస్తుంది. ఒక ప్లాంటులో ఒక రోజు ఆరు శాతం నష్టం, మర్నాడు అంతకు దగ్గరగా లాభం చూపిస్తూ వచ్చింది. పాలు లోపలికి వచ్చినవాటికంటే బయటకు ఎక్కువ వెళుతున్నాయని అనుమానించి నీళ్ళు కలుపుతున్నారేమోనని విచారణ దాకా వెళ్ళారు. చివరకు తేలినదేమిటంటే, సాయంత్రం పాలు రాత్రి పది గంటలకు సైలో నుంచి దిగి ఒక తేదీలో ఖర్చు పడుతున్నాయి. ప్యాకెట్లు రాత్రి ఒంటిగంటకు బయటకు వచ్చి తరువాతి తేదీలో జమ పడుతున్నాయి. కంప్యూటరుకు అర్ధరాత్రి పన్నెండు దాటితే కొత్త రోజు. డెయిరీకి రోజు అంటే ఉదయం ఆరు నుంచి మర్నాటి ఉదయం ఆరు. ఉత్పత్తి దినం ఎప్పుడు మొదలవుతుందో చెప్పే అమరికను మార్చగానే పాలు పెరగడం ఆగిపోయింది. ఈలోగా ఇద్దరు ఆపరేటర్లు అనవసరంగా మాటపడ్డారు.

క్రీముకు విలువ ఎంత?

5 శాతం వెన్న, 8.4 శాతం ఎస్.ఎన్.ఎఫ్. గల 10,000 కిలోల మిశ్రమ పాలు ప్లాంటుకు చేరాయి. వీటిని టోన్డు పాలుగా మార్చాలి. నిబంధన ప్రకారం టోన్డు పాలలో వెన్న 3 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 శాతం తగ్గకుండా ఉండాలి. 40 శాతం వెన్న ఉండే క్రీము సుమారు 540 కిలోలు తీస్తే, 9,460 కిలోల టోన్డు పాలు వస్తాయి. వచ్చిన 500 కిలోల వెన్నలో సుమారు 284 కిలోలు పాలలో ఉంటాయి, 216 కిలోలు క్రీములోకి వెళతాయి. నెయ్యి అయ్యేది ఆ క్రీమే.

బ్యాచి అమరికలో క్రీమును ఊరికే మిగిలే ఉపోత్పత్తిగా, విలువ సున్నాగా చూపితే 500 కిలోల వెన్న ధర మొత్తం టోన్డు పాల మీదే పడుతుంది. పాల విభాగం నష్టంలో ఉన్నట్లు, నెయ్యి విభాగం బంగారు గని అన్నట్లు కనబడుతుంది. ఆ అంకెలు చూసి పాలకవర్గం పాల అమ్మకం తగ్గించి నెయ్యి పెంచుదామని తీర్మానం చేస్తే ఎవరిని అనాలి? క్రీమును పాలతో సమానమైన సహ ఉత్పత్తిగా అమర్చి, అందులోని వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. కిలోల ప్రకారం ఖర్చు పంచాలి. మీ దగ్గర కొన్న లెక్కా అదే కదా.

ఏ కాలంలో ఏ పాళ్ళు అన్నది కూడా తేదీలతో అమర్చాలి. పాలు ఎక్కువగా వచ్చే కాలంలో ఉన్న శాతాలు ఎండాకాలంలో ఉండవు. ఎండాకాలంలో పొడి, వెన్న కలిపి పాలు తయారుచేయవలసి వస్తుంది. పాత పాళ్ళు చెరిపివేసి కొత్తవి రాస్తే, గడచిన బ్యాచులను సరిచూసే దారి మూసుకుపోతుంది. పాతవి అలాగే ఉంచి, ఈ తేదీ నుంచి ఇవి అని కొత్తవి చేర్చాలి.

లాటు నంబరు, మీ సంఘం పేరు

ప్యాకెట్టు మీద అచ్చయ్యే లాటు నంబరును బ్యాచితో ముడిపెట్టే అమరిక సభ్యులకు నేరుగా సంబంధించినది. ఒక రోజు పాలలో సోడా వంటి కల్తీయో, పశువుకు వేసిన మందు అవశేషమో కనబడింది అనుకోండి. నంబరు సరిగా ముడిపడి ఉంటే ప్యాకెట్టు నుంచి బ్యాచికి, బ్యాచి నుంచి సైలోకి, సైలో నుంచి ట్యాంకరుకు, అక్కడి నుంచి ఆ రూటులోని సంఘాలకు వెనక్కు వెళ్ళవచ్చు. ట్యాంకరులో పదుల సంఘాల పాలు కలుస్తాయి కాబట్టి కంప్యూటరు అంతకుమించి చెప్పలేదు. ఆపైన తేల్చవలసింది సంఘంలో ఉంచిన నమూనా సీసాయే. నంబరు ముడిపడకపోతే ఆ రోజు వచ్చిన అన్ని రూట్లనూ అనుమానించవలసి వస్తుంది. తప్పు చేయని సంఘాల బిల్లులు కూడా ఆగుతాయి. మార్కెట్టు నుంచి సరుకు వెనక్కు తెప్పించడం గురించి 2017లో ఆహార భద్రతా సంస్థ చేసిన నిబంధనల ప్రకారం కూడా ఈ ఆధారాలు ప్లాంటు దగ్గర ఉండవలసినవే.

అలాగే పాశ్చరైజు చేసిన పాలకు ఫాస్ఫటేజ్ పరీక్ష ఫలితం నమోదు కానిదే ప్యాకింగు బ్యాచి తెరుచుకోకుండా అమర్చాలి. పాలు సరిగా వేడెక్కాయో లేదో ఆ పరీక్ష చెబుతుంది. తొందరలో ఉన్నప్పుడు ఈ తాళాన్ని దాటే అధికారం ఎవరెవరికి ఉన్నదో, గత నెలలో ఎన్నిసార్లు దాటారో అడిగి తెలుసుకోవచ్చు. మూసిన బ్యాచిని తిరిగి తెరిచే అధికారం విషయంలోనూ అంతే. తెరిచినవారి పేరు, సమయం, పాత అంకె, కొత్త అంకె, నాలుగూ నమోదయ్యే అమరిక ఉంటుంది. అది పనిచేయకుండా ఆపి ఉంచితే మిగిలిన అమరికలు ఎంత బాగున్నా నమ్మలేము.

మార్చేటప్పుడు

లెక్క ప్రకారం ఖర్చు రాసే పద్ధతి నుంచి కొలిచి రాసే పద్ధతికి మారే ప్లాంటులో మొదటి నెల నష్టం శాతం ఒక్కసారిగా పెరిగినట్లు కనబడుతుంది. దీనికి సభ్యులూ ప్రతినిధులూ కంగారు పడకూడదు, మేనేజరును నిలదీయకూడదు. ఇదివరకు నిలువ తేడాలో దాగినదే ఇప్పుడు బ్యాచి లెక్కలోకి వచ్చింది. ఆ నెల అంకె చూసి గొడవ చేస్తే మేనేజరు పాత పద్ధతికే తిరిగి వెళతాడు. అది అతనికి చాలా సుఖం.

మార్పును నెల మొదటి తేదీన, పాల రాక మరీ ఎక్కువగా లేని కాలంలో చేయాలి. ముందు ఒక్క ప్యాకింగు యంత్రానికి మాత్రమే మార్చి, పది పదిహేను బ్యాచులు కాగితం మీద కూడా రాసి రెండూ సరిపోల్చాలి. పనిచేసేవారికి చూపించి, వారి చేతనే అంకెలు వేయించాలి. పాత బ్యాచులన్నీ మూసివేసి, సైలోలు, క్రీము తొట్లు, పొడి బస్తాలు అన్నీ ఒకే పూట కొలిచి, ఆ అంకెతో కొత్త లెక్క మొదలుపెట్టాలి. ట్యాంకరు దించిన వెంటనే సైలో మట్టం చూడకూడదు. కలియబెట్టే యంత్రం ఆపి, నురుగు దిగేదాకా ఆగి అప్పుడు కొలవాలి.